కొత్త ట్యాబ్‌లా, పాత కంప్యూటర్లా?

గుంటూరులో మా పేట బడికి ఒక కంపెనీ రెండిట్లో ఏదో ఒకటి కోరుకోమంది: కొత్త ట్యాబ్‌లు ముప్పై, లేదా ఆఫీసులో వాడి పక్కనపెట్టిన డెస్క్‌టాప్‌లు పన్నెండు. ఇలాంటివి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందకు వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి.

ట్యాబ్ చూడగానే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. కరెంటు పోయినా నడుస్తుంది. కానీ ఛార్జింగ్ పిన్ వదులైతే వైరుకి రబ్బరు బ్యాండు చుట్టి నిలబెట్టాలి. నేను కళ్లారా చూశాను. ఆ తర్వాత అది బీరువాలోకే.

డెస్క్‌టాప్ పాతదైనా విప్పి బాగుచేయొచ్చు. మౌస్ పోతే మౌస్ ఒక్కటే కొంటాం. పిల్లలు కీబోర్డు మీద తెలుగు టైపింగ్ నేర్చుకుంటారు. ఒకటే చిక్కు: విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, చాలా పాత మెషీన్లు విండోస్ 11కి పనికిరావు. విండోస్‌కి బదులుగా ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కిస్తే ఆ టెన్షన్ ఉండదు. కరెంటు పోయినా కాసేపు నడిపించే యూపీఎస్ మాత్రం అడగాల్సిందే.

నా ఓటు డెస్క్‌టాప్‌లకే. లైబ్రరీకైతే మరీనూ. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది పక్కనున్న బెజవాడలోనే. అలాంటి చోట దానంగా వచ్చిన కంప్యూటర్ ముసుగు కప్పుకుని మూలన కూర్చుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే మూడేళ్ల రిపేరు ఖర్చు కూడా కాగితం మీద రాయించుకోమని హెడ్మాస్టరు గారికి చెప్పాను.