పదాల పాత అర్థాలను వెదికేవారికి ఆంధ్రభారతి నిఘంటు శోధన

మాటల పుట్టుపూర్వోత్తరాలపై ఆసక్తి ఉన్నవారికి అంతర్జాలంలో అందుబాటులో ఉన్న తెలుగు సాధనాలలో ఆంధ్రభారతి నిఘంటు శోధనకు నేను మొదటి స్థానం ఇస్తాను. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, ఆ తరువాతి సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలైనవాటిలో ఒక పదానికి ఇచ్చిన అర్థాలన్నింటినీ అది ఒకేచోట, ఒకదాని కింద ఒకటిగా చూపుతుంది. రుసుమేమీ లేదు.

కావ్యాలలోని కఠినపదాల కంటే, రోజూ నోట నానే మాటలను వెదికినప్పుడే ఈ సేవ గొప్పతనం ఎక్కువగా తెలుస్తుందని నా అభిప్రాయం. ‘ఉద్యోగము’ అన్న పదానికి ప్రయత్నం, పూనిక అనే అర్థాలు కనబడగానే, భారతంలో యుద్ధసన్నాహాలు సాగే పర్వానికి ఉద్యోగపర్వమనే పేరు ఎందుకు వచ్చిందో బోధపడుతుంది. ఒకప్పుడు స్త్రీపురుషులిద్దరి వస్త్రానికీ చెల్లిన ‘చీర’ నేడు స్త్రీలకే పరిమితమైంది. నువ్వుల నెయ్యి అయిన ‘నూనె’ మాత్రం అన్ని గింజలకూ విస్తరించింది. దుడుకుతనాన్ని, దౌర్జన్యాన్ని సూచించిన ‘సాహసం’ మెచ్చుకోలు మాటగా మారిన తీరు, జూదశాలకు సంబంధించిన ‘సభికులు’ నేటి సభలలో గౌరవంగా కూర్చున్న తీరు ఇంకా ముచ్చటైనవి.

పాత నిఘంటువులు అరసున్ననూ (ఁ), శకటరేఫాన్నీ (ఱ) పాటించడం కొత్తవారికి మొదట ఇబ్బందిగానే ఉంటుంది. అయితే ఆ ఇబ్బందిలోనే ఒక లాభముంది. సంవత్సరమనే అర్థంలో ‘ఏఁడు’ అని, అంకె అయితే ‘ఏడు’ అని వేరువేరుగా రాసి ఉండడం చూసినప్పుడు, ఇవాళ ఒకే రూపంలో కలిసిపోయిన రెండు మాటలు వేరు వేళ్ల నుంచి వచ్చాయని తెలుస్తుంది. అలాగే ఊరగాయ అసలు రూపం ‘ఊఱగాయ’. ‘ఊఱు’ అంటే నానడం, రసం దిగడం కాబట్టి, ఆ మాటకు గ్రామమనే అర్థమున్న ‘ఊరు’తో పొత్తు లేదు. ఇన్ని గ్రంథాలను ఇంట పెట్టుకోలేని పాఠకుడికి ఇంత సూక్ష్మమైన విషయం క్షణంలో చేతికందడం చిన్న సంగతి కాదు.

అన్యదేశ్యాల, అంటే పరభాషల నుంచి వచ్చిన మాటల విషయంలో మాత్రం పాత నిఘంటువులు చాలాచోట్ల మూలభాషను సూచించి ఊరుకుంటాయి. ‘రైతు’నే తీసుకుంటే, దానికి మూలమైన అరబ్బీ పదం మొదట మేతకు తోలుకుపోయే మందను చెప్పి, ఆపైన పాలకుడి ఏలుబడిలోని ప్రజలను చెప్పి, మన దేశంలో పాలకులకు శిస్తు కట్టే సాగుదారుకు స్థిరపడింది. థామస్ మన్రో పేరుతో ముడిపడిన, సాగుదారు నుంచే ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతి ఆ మాటను ప్రభుత్వ దస్త్రాలలో పాదుకొల్పింది. ఇంత చరిత్రను నిఘంటువులో ఒక పదానికిచ్చిన వివరణ నుంచి రాబట్టడం సాధ్యం కాదు. దానికి చరిత్ర గ్రంథాల తోడు కావలసిందే.

జాతీయాల కోసం వెదికేవారు కొంత ఓర్పు వహించాలి. తాటిపండు రాలడమూ కాకి వాలడమూ ఒకేసారి జరిగాయని చెప్పే లోకన్యాయం (సామెత వంటి దృష్టాంతం) నుంచి వచ్చిన ‘కాకతాళీయము’ వంటి ఏకపదాలు తేలికగా దొరుకుతాయి గానీ, ‘మీనమేషాలు లెక్కించడం’ వంటి పదబంధాలకు అందులోని ముఖ్యపదాన్ని పట్టుకుని వెదకడం మేలు. నేటి యువతరం నోట పుట్టిన యాసమాటలను దశాబ్దాల కిందట అచ్చయిన గ్రంథాలలో ఆశించడం న్యాయం కాదు. వాటికి ప్రత్యేకంగా ఒక కోశం తయారై, ఎప్పుడు, ఎక్కడ వాడారో తెలిపే ఉదాహరణలతో ఇలాంటి శోధనలో చేరాలని నేను మనసారా కోరుకుంటున్నాను.