హైదరాబాద్–దుబాయ్ ఫ్లైట్: పోను రెండున్నర, రాను అయిదు?

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి సూటిగా కొలిస్తే దాదాపు 2,550 కిలోమీటర్లు. ముంబై దగ్గర తీరం దాటి, అరేబియా సముద్రం మీదుగా మస్కట్ వైపు పోయే దారి. టికెట్ మీద మాత్రం దూరం ఉండదు, టైమే ఉంటుంది. కొత్తవాళ్లు బోల్తా పడేది అక్కడే.

పొద్దున 10కి బయల్దేరి 12:30కి దిగినట్టు ఉంటే రెండున్నర గంటలే అనుకోవద్దు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక కాబట్టి అసలు ప్రయాణం నాలుగు గంటలు. వచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. అక్కడ రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ దిగేసరికి తెల్లవారుజామున 3. గడియారం అయిదు గంటలు తిరిగినా సీట్లో కూర్చున్నది మూడున్నరే.

పోను, రాను ఆ అరగంట తేడా గాలి వల్ల. పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ చలికాలంలో దక్షిణానికి దిగుతుంది. వెళ్లే విమానానికి అది ఎదురుగాలి, వచ్చేదానికి తోసే గాలి. ఎండాకాలం ముదిరాక ఆ గాలి ఉత్తరానికి జరిగిపోతుంది, తేడా తగ్గుతుంది. ఇంకోటి, టికెట్ మీది నాలుగు గంటల్లో రన్‌వే దాకా పాకడం, దిగాక గేటు చేరడం కూడా కలిసే ఉంటాయి. అందుకే పావుగంట ఆలస్యంగా లేచిన ఫ్లైట్ కూడా ఒక్కోసారి టైముకే దిగుతుంది. జనవరి పొద్దుటి పొగమంచుకు మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు.

అర్ధరాత్రి ఫ్లైట్లతో జాగ్రత్త. 15వ తేదీ 00:40 అని ఉంటే 14 రాత్రి 9:30 కల్లా శంషాబాద్‌లో ఉండాలి. 15 రాత్రి వెళ్తే ఫ్లైట్ పోయి దాదాపు రోజు గడిచినట్టే.

లగేజీ దగ్గర టైము తినేది ఎక్కువగా వంటింటి సరుకే. ఎండుకొబ్బరి చిప్పల్లో నూనె ఎక్కువ, వేడికి అంటుకునే గుణం ఉందని ఆపేస్తారు. గసగసాలైతే పొట్లం కూడా వద్దు. అక్కడ నిషిద్ధం, కేసే అవుతుంది.

రాత్రి తిరుగు ఫ్లైట్‌లో నిద్ర మీద ఆశ పెట్టుకోవద్దు. లేచాక ముప్పావుగంట భోజనం బండ్ల సందడి, దిగడానికి అరగంట ముందు లైట్లు. మధ్యలో మిగిలేది రెండు గంటలు. మర్నాడు ఆఫీసుంటే పగటి ఫ్లైటే మేలు, కాస్త ఎక్కువైనా. చలికాలంలో మధ్యాహ్నం వెళ్లే ఫ్లైట్‌కి కుడివైపు కిటికీ తీసుకోండి, ఎండంతా ఎడమవైపే కొడుతుంది.

ఇంటి గుమ్మం నుంచి అక్కడి గది దాకా తొమ్మిది గంటలు వేసుకోవాలి. దుబాయ్‌లో టెర్మినల్ 1, 3లకు మెట్రో ఉంది, 2కి లేదు. ఫ్లైదుబాయ్ విమానాలు ఎక్కువగా ఆగేది 2లో, అక్కడి నుంచి టాక్సీయో బస్సో.