సైలెంట్ వ్యాలీ జీప్ సఫారీ ఎలా ఉందంటే

కేరళ పాలక్కాడ్ జిల్లాలో సైలెంట్ వ్యాలీ అడవికి వెళ్దామనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. సొంత కారు లోపలికి రానివ్వరు, ముక్కాలి అనే ఊళ్ళో ఫారెస్ట్ వాళ్ళ దగ్గర జీప్ మాట్లాడుకోవాలి, గైడ్ కూడా వస్తాడు, అక్కణ్ణుంచి అడవి లోపల సైరంధ్రి అనే చోటు దాకా 23 కిలోమీటర్లు మొత్తం గతుకులే. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందు సీటు అడగండి.

పులో ఏనుగో కనపడాలని వెళ్తే మాత్రం నిరాశపడతారు, అడవి అంత చిక్కగా ఉంటది. చెట్లు చూడండి. వెడిప్లావు అని ఒక పెద్ద చెట్టు, కొమ్మలకే ముళ్ళకాయలు కాస్తాయి, సింహపుతోక కోతులకి అదే ముఖ్యమైన తిండి, ఇట్లాంటి ముసలి చెట్లు కొట్టేసి మళ్ళీ మొక్కలు నాటాం అంటే ఆ కోతులు అన్నేళ్ళు ఏం తిని బతకాలి చెప్పండి.

సైరంధ్రిలో వాచ్ టవర్ తప్పకుండా ఎక్కండి, నాకైతే టూర్ మొత్తానికి అదే హైలైట్. కింద కుంతిపుళ నది కనిపిస్తది, దాని మీద ఇక్కడే 120 మెగావాట్ల కరెంటు కోసం డ్యామ్ కడదామనుకున్నారు, కట్టుంటే ఆ లోయ నీళ్ళ కిందకి పోయేది. ఆపింది ఎవరు? సైన్స్‌ని జనంలోకి తీస్కెళ్ళే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ అనే సంస్థలోని టీచర్లు, సైంటిస్టులు, సుగతకుమారి లాంటి కవులు. ఊరికే అడవి అడవి అని అరవలేదు వాళ్ళు, పరిషత్ వాళ్ళు కరెంటు లెక్కలు కూడా వేసి రిపోర్ట్ రాశారు, పక్షుల సైంటిస్టు సలీం అలీ లాంటి పెద్దాయన కూడా వద్దని చెప్పాడు. ఏళ్ళ తరబడి కొట్లాడితే 1983లో ప్రాజెక్టు ఆగింది, 1984లో నేషనల్ పార్క్ చేశారు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని మనోళ్ళు గట్టిగా నిలబడ్డప్పుడు తెలంగాణ అసెంబ్లీ కూడా తీర్మానం చేసింది కదా, ఆ టైంలో రోడ్డెక్కిన ప్రతి ఒక్కళ్ళూ ఈ టవర్ ఒకసారి ఎక్కాలని నా కోరిక.

మా గైడ్ అక్కడి గూడెం మనిషే, ఏ చెట్టు దేనికి పనికొస్తదో, ఏ అరుపు ఏ పిట్టదో టకటకా చెప్పేశాడు. మలయాళం, తమిళం మాట్లాడతాడు, మీ బ్యాచ్‌లో తమిళం వచ్చినవాళ్ళు ఒకరుంటే చాలా హాయి. డ్యామ్ సంగతి మీరే అడగండి, అడిగితే చాలా చెప్తాడు.

వానాకాలంలో జలగలు పట్టుకుంటాయి, పొడుగు సాక్సులు వేస్కోండి. ప్లాస్టిక్ కవర్లు తీస్కెళ్ళొద్దు, స్పీకర్‌లో పాటలు అస్సలు పెట్టొద్దు, మా వెనక జీపు వాళ్ళు పెడితే పిట్టల చప్పుడే వినపడకుండా పోయింది. పిల్లల్ని తప్పకుండా తీస్కెళ్ళండి. నా రేటింగ్ 5కి 5.