బోరివలి అడవిలో కాన్హేరి గుహలకే మొదటి పూట

ధర్మాబాద్, నాందేడ్ వైపు నుంచి వెళ్లేవాళ్లు ముంబయి సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో ముందు గుట్టను తొలిచిన పాత బౌద్ధ గుహలు, కాన్హేరి చూసి, సఫారీని (పులులు, సింహాలను బండిలోంచి చూసే షికారు) తర్వాతకు ఉంచుకోవాలి. సఫారీ క్యూలో మధ్యాహ్నం అయిపోతే ఎండకు నల్లరాతి గుట్ట కాలుతుంది, పై వరుస గుహల దాకా ఎక్కే ఓపిక ఉండదు. పార్కుకు సోమవారం సెలవు.

దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున దాదర్‌లో దిగి, వంతెన దాటి వెస్టర్న్ లైన్‌లో బోరివలి లోకల్ ఎక్కండి. పొద్దున జనమంతా చర్చిగేట్ వైపు, సాయంత్రం విరార్ వైపు పోతారు. మనది రెండు పూటలా ఎదురు దిక్కు, పిల్లలున్నా ఇబ్బంది తక్కువ. బోరివలిలో తూర్పు వైపు బయటికి రావాలి. రాత్రి బండికే తిరిగొచ్చేవాళ్లకు లాడ్జి ఖర్చు దండగ. సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టొచ్చు గానీ, తాళం లేని బ్యాగు తీసుకోరు.

గేటు నుంచి గుహలు 6 కిలోమీటర్ల పైమాటే. ఆ దూరం నడిస్తే గుట్ట ఎక్కేముందే కాళ్లు లాగేస్తాయి, లోపలి బస్సే మేలు. గుహల దగ్గర పురావస్తు శాఖ టికెట్ మళ్లీ వేరు.

గుహలు వందకు పైగా ఉన్నాయి, అన్నీ తిరగక్కర్లేదు. 3వ గుహ పెద్ద చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థన మందిరం. అక్కడి శాసనంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుంది. శాతవాహనుల గురించి బడిలో చదివిన మన పిల్లలకు అది తప్పక చూపించాలి. 11వ గుహలో నేలమీద రెండు పొడవాటి రాతి అరుగులున్నాయి. 41లో పదకొండు తలల అవలోకితేశ్వరుడు (బౌద్ధులు కొలిచే బోధిసత్వుడు), 90లో క్రీ.శ. 1009, 1021 నాటి పహ్లవీ (పాత పారశీక భాష) రాతలు. చాలామంది చూడకుండా వచ్చేసేది నీటి ఏర్పాటు. వానచుక్క వృథా పోకుండా బండమీద సన్నని కాలువలు చెక్కి, గుహల ముందరి తొట్లలోకి మళ్లించారు. అందుకే వేసవిలోనూ ఇంతమంది భిక్షువులు గుట్టమీద ఉండగలిగారు. వానాకాలంలో వెళ్తే ఆ కాలువలు పారుతూ కనిపిస్తాయి, కాకపోతే నాచు పట్టిన మెట్లమీద జారతారు. పట్టున్న బూట్లు వేసుకోండి.

తినుబండారాల కవరు చేతిలో కనిపిస్తే కోతులు లాక్కుంటాయి, అన్నీ సంచి లోపలే పెట్టాలి.

సఫారీలో పులులు, సింహాలు కంచె లోపలివే. అడవిలో స్వేచ్ఛగా తిరిగేవి చిరుతలు, అవి పగలు కనబడడం అరుదు. చీకటి పడేదాకా ఆగొద్దు. గుహల దగ్గర దిగగానే తిరుగు బస్సు చివరిది ఎన్నింటికో అడిగిపెట్టుకోండి. ఆదివారాల్లో దానికి అరగంట ముందే వరుసలో ఉండాలి.