వన్‌టౌన్ హెరిటేజ్ వాక్: రూ.1,800 కట్టి గేటు చూసొచ్చాం

విశాఖ అనగానే మామయ్యగారు ఒక్కటే అడిగారు, సి.వి.రామన్ చదివిన బడి చూపించమని. ఆయన రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. ఆర్‌కే బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం హాయిగా గడిచిపోయాయి. చెప్పుకోవాల్సింది వన్‌టౌన్, అంటే విశాఖ పాత ఊరి సంగతే.

లాడ్జి కౌంటర్‌లో కార్డు చూసి ఒక టూర్ వాళ్ళకి ఫోన్ చేశాం. తలకి రూ.450, నలుగురికి 1,800, ముందే కట్టించుకున్నారు. "ఆదివారం రండి సార్, రష్ ఉండదు, క్లాసురూములు కూడా చూడొచ్చు" అన్నది వాళ్ళే. గైడు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. పాత పోస్టాఫీసు దగ్గర సెయింట్ అలోషియస్ స్కూలు గేటుకి తాళం. ఆదివారం మరి! అనుమతి లేకుండా లోపలికి పంపరని వాచ్‌మన్ మర్యాదగానే చెప్పాడు. అందులో ఆయన తప్పేముంది?

గైడు మాత్రం తగ్గలేదు. బయటే నిలబడి, "ఇది డచ్చోళ్ళ బడి మాస్టారూ, రామన్‌గారు ఇక్కడే పాఠాలు చెప్పారు" అన్నాడు. మామయ్యగారికి బీపీ పెరిగింది. ఇక నడిరోడ్డు మీదే క్లాసు. 1847లో దీన్ని పెట్టింది డచ్చివాళ్ళు కాదు, క్యాథలిక్ మిషనరీలు. రామన్ ఇక్కడ విద్యార్థి, పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. పాఠాలు చెప్పింది వాళ్ళ నాన్న చంద్రశేఖర అయ్యర్‌గారు, అదీ ఏవీఎన్ కాలేజీలో. గైడు ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. అత్తయ్యగారు ఎండకి కొంగు కప్పుకుని, "ఇంక పదండి, ఆ అబ్బాయికి పరీక్ష పెడతారా ఏంటి" అన్నారు.

అక్కడే వాణ్ణి వదిలేసి రూ.150కి ఆటో మాట్లాడుకున్నాం. అసలు టూరు అప్పుడే మొదలైంది. ఏవీఎన్ కాలేజీ ముందు ఆపించి మామయ్యగారు చెప్పుకొచ్చారు: అది 1860లో మొదలైనప్పుడు బడే, కాలేజీ అయింది తర్వాత. ఆంధ్రా యూనివర్సిటీది ఇంకో కథ. రెండో ప్రపంచ యుద్ధంలో చదువులు గుంటూరుకి తరలిపోతే ఆ భవనాల్లో సైన్యం మకాం వేసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన ఊరు కదా ఇది. బీచ్ రోడ్డులో మ్యూజియంగా మారిన డచ్ బంగళా కూడా ఉంది. డచ్చివాళ్ళని చూపించాలనుకుంటే గైడు అక్కడికి తీసుకెళ్ళాల్సింది!

వన్‌టౌన్‌కి పొద్దున్న ఎనిమిదిలోపే వెళ్ళండి, తర్వాత ట్రాఫిక్ భరించలేం. బడి లోపల చూడాలంటే పనిదినాన ఆఫీసులో అడగండి, టూర్ వాళ్ళ మాట నమ్మొద్దు. ముందే మొత్తం కట్టొద్దు. మా డబ్బు కోసం నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. అత్తయ్యగారు తన నంబరు నుంచి చేసి ఏం మాట్లాడారో గానీ, రాత్రికి రూ.900 ఫోన్‌పేలో వచ్చాయి. మిగతా సగం ఇంకా రావాలి.