అలాయ్ రిమ్ముల పగుళ్లు పట్టే డీపీ స్ప్రే: ఆరేళ్లు వాడాక

క్లీనర్ ఒక డబ్బా, పగుల్లోకి దిగే ఎర్ర రంగు ఒక డబ్బా, ఆ రంగుని పైకి లాగి చూపించే తెల్ల పూత, అంటే డెవలపర్, ఒక డబ్బా. ఈ మూడు డబ్బాల సెట్‌ని నేను 2019 నుంచి వాడుతున్నాను. ఫ్యాబ్రికేషన్ షాపుల్లో వెల్డింగ్ అతుకుల్లో బీటలు ఉన్నాయేమో చూడటానికి వాడే సరుకు ఇది, వాళ్లు డీపీ (డై పెనిట్రెంట్) టెస్ట్ అంటారు. నేను మాత్రం కారు రిమ్ముల మీద కొడుతున్నాను. ఇప్పటికి మూడో సెట్ నడుస్తోంది.

మొదలుపెట్టింది ఎందుకంటే, అప్పట్లో సెకండ్ హ్యాండ్‌లో ఒక కారు తీసుకున్నాను, 16 అంగుళాల అలాయ్‌లు పాత ఓనరే బయట వేయించారు. వారం వారం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి రావడం. ముందు ఎడమ చక్రంలో గాలి 33 పెడితే నాలుగు రోజుల్లో 26కి వచ్చేది. పంక్చర్ షాపులో వాల్వు మార్చారు, ఇంకోసారి టైరు ఊడదీసి అంచు శుభ్రం చేసి మళ్లీ ఎక్కించారు, పది రోజులకి మళ్లీ అదే కథ. చివరికి నేనే చక్రం విప్పి లోపలి వైపు సబ్బు నీళ్లు పోసి చూస్తే రిమ్ము అంచు పక్కన ఆవగింజంత బుడగలు వరసగా వస్తున్నాయి. మా అక్కయ్య భర్త బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ పని చేస్తారు. ఫోన్ చేస్తే "ఒక్కటే కాదోయ్, నాలుగూ పట్టుకురా, డీపీ కొట్టి చూద్దాం" అన్నారు బావగారు.

ఆ మాట వినడం ఎంత మంచిదైందో చెప్పాలి. గాలి పోతున్న రిమ్ములో పగులు ఉందని ముందే తెలుసు, అందులో ఆశ్చర్యం లేదు. కానీ గాలి కొంచెం కూడా తగ్గని కుడి చక్రంలో, లోపలి అంచు మీద, తెల్లటి పూతలోంచి పారాణి దిద్దినట్టు రెండంగుళాల ఎర్ర గీత పైకి వచ్చింది. అంతకు ముందు అదే చోట టార్చి వేసి చూశాను, గోటితో గీరి కూడా చూశాను, ఏమీ తెలియలేదు. ఆ రిమ్ముతోనే అంతకు ముందు వారం సూర్యాపేట దాటాక 100 మీద నడిపాను, వెనక సీట్లో పిల్లలు ఉన్నారు. ఆ రోజు సాయంత్రమే నా సొంత సెట్ కొనుక్కున్నాను.

వాడే పద్ధతి తేలికే గానీ ఓపిక కావాలి. చక్రం విప్పి, వీలైతే టైరు కూడా తీయించి, బ్రేకు మసి, గ్రీజు పూర్తిగా పోయేదాకా కడిగి ఆరబెట్టాలి. నీటి తడి పగుల్లో ఉండిపోతే రంగు లోపలికి దిగదు, అందుకే కడిగిన రోజు కాకుండా మర్నాడు పొద్దున చేస్తాను. ఎర్ర రంగు కొట్టి 15 నిమిషాలు వదలాలి, చలికాలం పొద్దున్నే అయితే నేను అరగంట ఉంచుతాను. తర్వాత తుడవడంలోనే చాలామంది పాడు చేస్తారు. క్లీనర్‌ని రిమ్ము మీదే నేరుగా కొడితే పగుల్లోకి దిగిన రంగు కూడా కొట్టుకుపోతుంది. దాన్ని గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో తుడవాలి. ఆఖర్న డెవలపర్ డబ్బా బాగా ఊపి, అడుగు దూరం నుంచి, అడుగున లోహం లీలగా కనిపించేంత పలచగా కొట్టాలి. మందంగా కొడితే సన్న గీత ఆ పూత కిందే ఉండిపోతుంది. పది నిమిషాలు పక్కనే కూర్చుని చూడండి, గీత ఏ క్షణం ఎక్కడ మొదలవుతోందో చూస్తేనే అసలు పగులు ఎంత ఉందో అర్థమవుతుంది, ఆలస్యమైతే రంగు పాకి అంతా మరక అయిపోతుంది. మే నెల ఎండలో మాత్రం వద్దు, లోహం 50 డిగ్రీలు దాటితే రంగు అక్కడికక్కడే ఎండిపోతుంది.

గుండ్రటి చుక్కలు వస్తే కంగారు పడకండి, అవి ఎక్కువగా పోత పోసినప్పటి సన్న రంధ్రాలు. సన్నగా పొడుగ్గా, వెడల్పుకి మూడింతలు మించి సాగిందంటే దాన్ని పగులుగానే లెక్క వేయాలి. నేను ముందు చూసేది లోపలి అంచు, తర్వాత స్పోకు మొదలు, బోల్టు రంధ్రాల చుట్టూ, వాల్వు రంధ్రం. స్టెప్నీ ఇనుప రిమ్ము అయితే బోల్టు రంధ్రాల దగ్గర తుప్పు గీత కారిందేమో చూస్తాను.

లోహం అలిసిపోవడం అంటే ఏమిటో నాకు ఈ సెట్ కొన్నాకే అర్థమైంది. బైండింగ్ వైరుని అటూ ఇటూ వంచితే కాసేపటికి తెగుతుంది కదా, చక్రంలో జరిగేదీ అదే, కాకపోతే కంటికి కనిపించనంత చిన్న వంపు. నా టైరు 195/55, అంటే కిలోమీటరుకి 500 తిరుగుళ్లు పైనే. లక్ష కిలోమీటర్లకి 5 కోట్లు. ప్రతి తిరుగుడులో ప్రతి స్పోకూ ఒకసారి బరువు మోసి ఒకసారి వదులుతుంది. ఇనుముకి ఒక హద్దు ఉంటుంది, ఒత్తిడి ఆ లోపు ఉన్నంతకాలం ఎన్నిసార్లు వంగినా తట్టుకుంటుంది. అలాయ్ రిమ్ముల్లో ఉండే అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న ఒత్తిడి కూడా లెక్కలోకి వస్తూనే ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు చిన్న గాటు పడుతుంది, దాన్ని పగులుగా సాగదీసేది ఆ తర్వాతి కోట్ల తిరుగుళ్లు.

టైరు తీయించమని ఊరికే అనలేదు. 1998 జూన్ 3న జర్మనీలో ఎషెడె దగ్గర హైస్పీడ్ రైలు చక్రం చుట్టూ తొడిగిన ఉక్కు పట్టా విరిగి, రైలు పట్టాలు తప్పి 101 మంది చనిపోయారు. ఆ పగులు మొదలైంది బయట కాదు, చక్రానికి తొడిగిన ఆ పట్టా లోపలి వైపు. మన రిమ్ములో టైరు కప్పేసే భాగం కూడా అలాంటి చోటే.

లోపాలు కూడా ఉన్నాయి. పైకి తెరుచుకున్న పగులునే ఇది చూపిస్తుంది, లోహం లోపల ఉన్నదాన్ని కాదు. పెయింటు మందంగా ఉంటే అడుగున పగులు దాక్కుంటుంది, ఒక్కోసారి పెయింటు చిట్లినా పగులులాగే కనిపించి టెన్షన్ పెడుతుంది. నాకు రెండుసార్లు అలా అయింది, ఆ చోట పెయింటు తీసి మళ్లీ కొడితే ఏమీ రాలేదు. ఇసుకతో బ్లాస్టింగ్ చేసిన రిమ్మునైతే నమ్మకండి, మెత్తటి అల్యూమినియం పగులు నోటిని మూసేస్తుంది. క్లీనర్ డబ్బా ముందుగా అయిపోతుంది, రెండు కొనండి. డెవలపర్ డబ్బా సగంలో ఉండగానే నాజిల్ మూసుకుపోతుంది, వాడాక తలకిందులుగా పట్టి ఒకసారి వదిలితే చాలావరకు బాగుంటుంది. చేతికి అంటిన ఎరుపు నాలుగు రోజులు పోదు, గ్లవ్స్ తప్పనిసరి. మండే సరుకు, వంటింటికి దూరంగా పెట్టండి.

మొదటిసారి పగుళ్లు బయటపడ్డ ఆ రెండు రిమ్ముల్లో ఒకదాన్ని వెల్డింగ్ చేయించాను, అది నేను చేసిన తప్పు. ఎనిమిది నెలల తర్వాత డీపీ కొడితే అతుకు పక్కనే, అతుక్కి సమాంతరంగా కొత్త గీత. వెల్డింగ్ వేడికి ఆ పక్కన లోహం గట్టిదనం తగ్గిపోతుంది. ఇప్పుడు పగులు కనిపిస్తే రిమ్ము పాత ఇనుప సామాను షాపుకే, అదీ అంచు కోసేసి ఇస్తాను, ఇంకొకరి కారుకి ఎక్కకుండా.

ఆరేళ్లలో మావి, చుట్టాలవి కలిపి 30 రిమ్ముల దాకా చూశాను, నాలుగు పగుళ్లు దొరికాయి, అందులో మూడు గాలి పోనివే. మూడు డబ్బాల ఖర్చు ఒక టైరు ధరలో సగం కూడా కాదు. పెద్ద గుంతలో ధన్ మని పడ్డ ప్రతిసారీ, అలా పడకపోయినా ఏడాదికి ఒకసారి, వానాకాలం అయిపోయాక చేస్తున్నాను. పోయిన నెల బావగారి కారు నాలుగూ చూశాను, శుభ్రంగా ఉన్నాయి. స్టెప్నీ ఇంకా చూడాలి.