కారే స్ప్రింక్లర్ వాల్వు: రబ్బరు మారిస్తే చాలా, మొత్తం పీకేయాలా?

లైను ఆపేశాక కూడా స్ప్రింక్లర్లలోంచి నీళ్లు కారుతున్నాయి, వాల్వు నేనే మార్చేసుకోనా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పీకేముందు ఒకటి చూసుకోండి. అన్నిటికన్నా పల్లంలో ఉన్న స్ప్రింక్లర్ ఒక్కటే కాసేపు కారి ఆగిపోతే, అది పైపులో మిగిలిన నీరే. గంటలు గడిచినా ఆగకపోతేనే వాల్వును అనుమానించాలి.

అందరూ ధర లెక్క వేస్తారు. నేను మాత్రం వాల్వును పైపుకి ఎలా కలిపారో ముందు చూస్తాను. రెండు వైపులా యూనియన్లు, అంటే కోయకుండా విప్పి బిగించుకునే జాయింట్లు ఉంటే మొత్తం మార్చడం కూడా తేలికే. సొల్యూషన్‌తో అతికించి ఉంటే పైపు కోయాలి, కోసిన ప్రతిసారీ పైపు పొట్టిదవుతుంది. పక్కపక్కనే నాలుగు వాల్వులున్న చోట ఒకసారి ఈ పని పెట్టుకున్నాను. రంపం ఆడించే సందు లేక సగం రోజు బురదలో మోకాళ్ల మీదే ఉన్నాను. ఆ టెన్షన్ మళ్లీ నావల్ల కాదు.

అందుకే నా ఓటు డయాఫ్రమ్‌కి, అంటే లోపలి రబ్బరు పొరకి. దాని పైగదిలోకి సన్నటి రంధ్రం గుండా నీరు చేరి, కిందికి నొక్కి పట్టడం వల్లే వాల్వు మూసుకుంటుంది. ఆ రంధ్రంలో ఇసుక అడ్డుపడినా, పొర కింద చిన్న రాయి ఇరుక్కున్నా సరిగా మూసుకోదు. నీళ్ల మెయిన్ కట్టేసి, మూత స్క్రూలు విప్పి, పొరను కడిగి చూడండి. ఒక్కోసారి పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. చిరిగి ఉంటే అదే మోడల్‌ది వేసి, స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. మూత ఎత్తేటప్పుడు స్ప్రింగు జాగ్రత్త. నాది బురదలో పడితే వెతకడానికే అరగంట పట్టింది.

సొలెనాయిడ్, అంటే కరెంటు వస్తే వాల్వును తెరిచే కాయిల్, అదొక్కటే మార్చడమా? అది కాలిపోతే సాధారణంగా వాల్వు తెరుచుకోదు, కారదు. దాని కింద చెత్త చేరితే కారొచ్చు, విప్పి కడిగితే సరి.

బాడీ పగిలినా, పొర కూర్చునే అంచు దెబ్బతిన్నా, విడిభాగాలు దొరక్కపోయినా మొత్తం మార్చక తప్పదు. బాడీ మీది బాణం నీరు పోయే వైపే ఉండాలి. ప్లాస్టిక్ మరలకి టెఫ్లాన్ టేపు చుట్టండి కానీ బలమంతా పెట్టి బిగించకండి, పగులుతాయి. వైర్లకి గ్రీజు నింపిన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లే వాడండి. ఎలాగూ పైపు కోస్తున్నారు కాబట్టి, చోటుంటే రెండు వైపులా యూనియన్లు పెట్టేయండి. వచ్చేసారి రంపంతో పని ఉండదు.